ఆయుధ పూజకు కడిగిన ఫిల్టరు

మా ఇంట్లో ఆయుధ పూజ నాడు నీళ్ళు తప్పించుకున్న వస్తువు ఒక్కటీ లేదు. రంపాలు, బాడిసెలు, ఉలులు అంటే సరే, అవి ఇనుము. తుడిచి నూనె రాస్తే మళ్ళీ మామూలే. కానీ మా ఇంటాయన గోడ గడియారాన్ని కూడా వదలడు. ఒక సంవత్సరం దాన్ని తడిగుడ్డతో లోపలంతా తుడిచి, అద్దం మీద విభూతి పట్టెలు పెట్టాడు. మూడు నెలలు అది పన్నెండున్నర దగ్గరే నిలబడింది. కొలత టేపును ఆఖరు దాకా బయటికి లాగి సబ్బు పెట్టి కడిగాడు. అది మళ్ళీ లోపలికి పోలేదు. ఆ ఏడంతా దాన్ని పామును మోసినట్టు మెడలో వేసుకుని తిరిగాడు. అడిగిన వాళ్ళకు, "శుభ్రంగా ఉండాది కదప్పా" అనేవాడు.

మాది పెనుకొండ. ఇంటి వెనక రేకుల షెడ్డులో ధర్మవరం మగ్గాలకు నాడెలు చేసేవాళ్ళం. నేత నేసేటప్పుడు పట్టుపోగును లోపల పెట్టుకుని ఆ చివర నుంచి ఈ చివరకు పరుగెత్తే కొయ్య పడవ లాంటిదే నాడె. కొయ్య కోసి, తొలిచి, ఆకారం తెచ్చేది మా ఇంటాయన. దాన్ని రుద్ది నున్నగా చేసేది నేను. నున్నగా అంటే చేతికి నున్నగా ఉంటే చాలదు. ఒక పట్టుపోగు తీసుకుని నాడె మీద చివరి నుంచి చివరికి లాగాలి. ఎక్కడైనా పోగు పట్టుకుంటే ఆ చోట మళ్ళీ రుద్దాలి. పోగు నీళ్ళ మీద పోయినట్టు పోవాలి. ఇరవై ఏళ్ళు ఆ పని చేశాక, పోగు లాగకముందే ఎక్కడ పట్టుకుంటుందో నా వేలికి తెలిసేది.

గరుకు ఉప్పుకాగితంతో చేత్తో రుద్దినన్నాళ్ళు దుమ్ము నా ఒళ్ళో పడేది. తొంభైల చివర్లో రుద్దే మిషను కొన్నాం. అప్పటి నుంచి దుమ్ము ఒళ్ళో పడడం మానేసి గాల్లోకి లేచింది. చింత చేవ దుమ్ము పసుపు కంటే మెత్తన. ముక్కుకు గుడ్డ కట్టుకున్నా గుడ్డ లోపలికి వచ్చేది. రెండేళ్ళలో నాకు ఆయాసం పట్టుకుంది. నాలుగు మెట్లు ఎక్కితే రొమ్ములో పిల్లి కూసినట్టు చప్పుడు. హిందూపురం డాక్టరు వీపు మీద గొట్టం పెట్టి విని, "దుమ్మన్నా ఆపు, నువ్వన్నా పని ఆపు. దుమ్మూ పనీ రెండూ కలిసి సాగవు" అన్నాడు.

మా ఇంటాయనకు ఈ మాట చాలా సులభంగా అర్థమైంది.

"ఇంకేం, మానుకో. వంట చేసుకుంటా ఉండు" అన్నాడు.

"నాడెలు ఎవరు రుద్దుతారు?"

"నేను రుద్దలేనా? అదేమన్నా విద్యా?"

పది దినాలు రుద్దాడు. పదకొండో దినం ధర్మవరం నుంచి ఆరు నాడెలు వెనక్కి వచ్చాయి. తెచ్చిన నేతాయన వాటిని అరుగు మీద వరసగా పెట్టి, "ఏమప్పా, వీటితో పట్టుచీర నేయమంటావా, గోనెసంచి నేయమంటావా?" అని అడిగాడు. నాకు లోపల ఎంత సంతోషమైందో చెప్పకూడదు గాని, చెబుతున్నాను. ఆ పని నాది. ఇంట్లో ఇంకెవరి చేతికీ రాని పని అదొక్కటే. దాన్ని ఆయాసానికి ఇచ్చి వంటింట్లో కూర్చోవడం నాకు ఇష్టం లేదు.

అందుకే దుమ్ము మిషను వచ్చింది. హిందూపురంలో మూతపడిన ఒక చిన్న ఫ్యాక్టరీ సామాన్లు అమ్ముతుంటే పాతది తెచ్చాం. దాని సంగతి సులభం. లావు గొట్టం ఒకటి నేను రుద్దే చోట నోరు తెరుచుకుని ఉంటుంది. మిషను వేస్తే దుమ్మునంతా పీలుస్తుంది. లావు పొట్టు కింద డబ్బాలో పడుతుంది. మెత్తటి దుమ్ము పైకి పోయి ఒక పెద్ద డోలు లాంటి దాంట్లో దూరుతుంది. ఆ డోలు గోడలు మడతలు మడతలుగా ఉండే దళసరి కాగితం. దుమ్ము లోపల ఆగిపోతుంది, గాలి మాత్రం మడతల్లోంచి బయటికి వస్తుంది. కంపెనీ వాళ్ళు దాన్ని కార్ట్రిడ్జ్ ఫిల్టరు అంటారు. మా ఇంట్లో డోలు అనే అన్నాం. సాయంత్రం పని అయ్యాక పైన ఉన్న పిడి నాలుగు సార్లు తిప్పితే మడతల్లోని దుమ్ము రాలి కింద పడేది. ఆ పిడి నేనే తిప్పేదాన్ని. ఒక సంవత్సరం వెల్లకిలా పడుకుని నిద్రపోయాను. ఆయాసం లేనివాళ్ళకు అదేమంత గొప్పో తెలియదు.

తరవాత ఆయుధ పూజ వచ్చింది.

ఆ పొద్దు నేను గుమ్మడికాయ, నిమ్మకాయలు తీసుకుని సంత నుంచి వచ్చేసరికి, డోలు పెరట్లో నీళ్ళ తొట్టి పక్కన నిలబడి ఉంది. ఒళ్ళంతా సబ్బు నురగ. మా ఇంటాయన పంచె ఎగగట్టి, పెండ్లికొడుక్కు నలుగు పెట్టినంత శ్రద్ధగా మడత మడతకూ కొబ్బరిపీచు పెట్టి తోముతున్నాడు.

"ఏమయ్యా, అది కాగితం కదా!"

"కాగితమైతే ఏంది? ఏడాదంతా నీ దుమ్ము తినింది. ఒకదినమన్నా తలంటు పోయొద్దా?"

"నీ ఓటరు కార్డు కూడా తెచ్చి కడుగు, తెల్లగైతాది."

"పండగపూట నోరు బాగ లేదు నీది" అని ఇంకో చెంబు పోశాడు.

డోలును మిద్దె మీద మిరపకాయల పక్కన ఎండబెట్టాడు. అది వానకు తడిసిన అప్పడం మాదిరి ఉబ్బింది. తరవాత ఎండి, మడతలు ఒకదానికొకటి అతుక్కున్నాయి. కొన్నిచోట్ల నోళ్ళు తెరిచాయి. దాన్నే తెచ్చి బిగించి, చుట్టూ పసుపు కుంకుమ పెట్టి, నిమ్మకాయ కట్టి, గుమ్మడికాయ కొట్టి, మంచి ఘడియలో మిషను వేశాడు. డోలు చుట్టూ అన్ని పక్కల నుంచి మెత్తటి ఎర్రదుమ్ము పొగ మాదిరి లేచింది. పండగకు ధర్మవరం నుంచి వచ్చిన మా బావ, అంటే మా ఇంటాయన అన్న, రెండు చేతులూ జోడించి, "చూడప్పా, సాంబ్రాణి వేయకుండానే ఎట్ల లేస్తాండాదో" అన్నాడు.

నాలుగో దినానికి నా రొమ్ములో పిల్లి మళ్ళీ వచ్చి కూర్చుంది.

మా ఇంటాయన దిష్టి అన్నాడు. ఉప్పు, మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేశాడు. ఆ ఘాటుకు ఇంకో గంట దగ్గాను. కొత్త డోలు కొనాలి అని నేను అంటే, అది ఎట్లాంటిది కొనాలి అనే దాని మీద సభ పెట్టారు. సభలో ఇద్దరే, అన్నా తమ్ముడూ. ఇద్దరూ దుమ్ము మిషను ముందు ఎప్పుడూ పట్టుమని పది నిమిషాలు కూర్చున్నవాళ్ళు కాదు.

మా బావ ఒకప్పుడు లారీ తోలేవాడు. లారీ దిగి ఎన్నో ఏళ్ళయినా ఆయన తలకాయ ఇంకా లారీలోనే ఉండేది. పంటినొప్పికి కూడా గ్రీజు రాయమనే రకం. బత్తలపల్లి క్రాసులో లారీ సామాన్ల అంగట్లో ఒక ఎయిర్ ఫిల్టరు కొనుక్కుని మరుసటి వారం వచ్చాడు. మా డోలులో సగం ఎత్తు ఉంది.

"బావా, ఇది పొట్టిగా ఉండాది కదా" అన్నాను.

"పొట్టిదైతేనేం, గట్టిది. లారీ ఎంత దుమ్ములో పోతాది? దానికే సాలుతాండాది. నీకు సాలదామ్మా? నువ్వేమన్నా లారీ కంటే ఎక్కువ గాలి పీలుస్తావా?"

మా ఇంటాయన పకపకా నవ్వాడు. మిగిలిన సగం ఎత్తుకు పాత ట్యూబు కోసి చుట్టి, తీగతో బిగించారు. ఇద్దరూ దూరంగా నిలబడి చూసి, బాగుంది అనుకున్నారు. మిషను వేసిన కాసేపటికే లారీ ఫిల్టరు మడతలు బయటికి ఉబ్బి ఒక పక్క చినిగింది. తరవాత హిందూపురంలో ఇట్లాంటి డోళ్ళు అమ్మే అంగడాయన చెప్పాడు, లారీలో గాలి బయటి నుంచి లోపలికి పోతుందట, మా మిషనులో లోపలి నుంచి బయటికి. చొక్కా తిరగేసి తొడిగినట్టు. ఎన్నో ఏళ్ళు లారీ తోలిన మా బావకు ఆ సంగతి తెలియదు.

ఆ పొద్దు నేను నాడెలు రుద్దడం ఆపేశాను. మా ఇంటాయన నాడె ఒకటి చేతికి తీసుకుని, "పోనీ, నేనే మళ్ళా..." అన్నాడు. గోనెసంచి మాట గుర్తొచ్చి కింద పెట్టాడు. కానీ ఇంకో వారం పోతే ఎవరో ఒకరిని కూలికి పెడతాడని నాకు తెలుసు. పెడితే నా చోటు పోయినట్టే. నాకు బాగైనా కూడా "నీకెందుకులే ఆ దుమ్ము" అంటారు. జాలి చూపించి మనిషిని పక్కకు తోయడం మావాళ్ళకు బాగా వచ్చు.

అప్పటికి నాకు అక్షరాలు వచ్చి మూడేళ్ళు. నలభై దాటాక, మధ్యాహ్నాల్లో అంగన్‌వాడీ వరండాలో ఒక టీచరమ్మ దగ్గర నేర్చుకున్నాను. నా నోటుబుక్కులో అంతవరకు ఉన్నవన్నీ ఆమె చెప్పి రాయించినవే. అమ్మ, ఆవు, చెట్లు నాటండి. ఆ దినం మొదటిసారి నాకు కావలసింది నేను రాసుకున్నాను. దారం తీసుకుని పాత డోలు చుట్టుకొలత, ఎత్తు, పైబొక్క వెడల్పు కొలిచి, షెడ్డులో ఉన్న చెక్కస్కేలు మీద పెట్టి చూసి, మూడు అంకెలూ రాశాను. లారీ ఫిల్టరు ఏ పక్కకు ఉబ్బిందో గుర్తు చేసుకుని కింద, "గాలి లోపలి నుంచి బయటికి" అని రాశాను. ఆ మాట రాయడానికి ఒక పావుగంట పట్టింది. మా ఇంటాయన ఐదో తరగతి చదివాడు. ఆ ఐదు తరగతులూ ఆయనకు పెండ్లిపత్రికల్లో విందు ఎన్ని గంటలకో చూసుకోవడానికే సరిపోయాయి.

"నేను పోయి తెస్తాలే, నువ్వు పండుకో" అన్నాడు.

"నేనూ వస్తా."

"అంగట్లో మగోళ్ళుంటారు."

"ఉండనీ. నేనేమన్నా వాళ్ళను కడుగుతానా?"

పాత డోలును గోనెసంచిలో వేసి ఒళ్ళో పెట్టుకుని హిందూపురం బస్సెక్కాను. ఒక చేతిసంచిలో నా నోటుబుక్కు, ఒక తెల్ల తువ్వాలు, ఒక కవరు నిండా నేను రుద్దిన చింతదుమ్ము. కండక్టరు సంచిని తట్టి చూసి, "ఏందమ్మా, డోలా? యాడ వాయిస్తారు?" అని అడిగాడు. మా ఇంటాయన కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

అంగడాయన మా ఇంటాయనతోనే మాట్లాడాడు. నేను ఎదురుగా నిలబడి ఉన్నా, జబ్బు నాదే అయినా, సంచి నా చేతిలోనే ఉన్నా.

"ఏమబ్బా, ఏం కావల్ల?"

మా ఇంటాయన డోలును చూపించి, "ఇట్లాంటిదే. గట్టిది" అన్నాడు. ఆయన ఏ వస్తువైనా అట్లాగే కొంటాడు. పుచ్చకాయ అయినా, పరుపు అయినా.

అంగడాయన మూడు రకాలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఒకటి పాత రేకులకు కొత్త కాగితం అంటించి తయారుచేసింది. రెండోది కొత్తది, సన్నటి కాగితం. మూడోది కూడా కొత్తదే, కాగితం బదులు దళసరి గుడ్డలాంటిది. మా ఇంటాయన మూడింటినీ ఎత్తి బరువు చూశాడు. వేలితో కొట్టి చప్పుడు విన్నాడు. నేను నోటుబుక్కు తీసి, దారంతో మూడింటినీ కొలిచాను. మూడూ సరిపోయాయి.

"ఇది తీస్కోబ్బా" అని అంగడాయన మొదటిదాన్ని తట్టాడు. "దుడ్లూ తక్కువ, పనీ అదే. మడతలు చూడు, ఎన్ని ఉండాయో."

"మడతలు చానా ఉండాయి" అని మా ఇంటాయన మెచ్చుకున్నాడు.

"అన్నా, మడతలు ఎంత ఇరుగ్గా ఉంటే దుమ్ము అంత ఇరుక్కుంటాది. పిడి తిప్పితే రాలదు" అన్నాను. ఏడాది పాటు ఆ పిడి తిప్పింది నేను. అంగడాయన అప్పుడు మొదటిసారి నా వైపు చూశాడు.

"చూసే కంటికి ఏం తెలుస్తాది, ఊది చూద్దాం" అని కవరు తీశాను. ఇంట్లో పిండి జల్లెడ కొన్నా, దాంట్లో పిండి వేసి చూడకుండా ఎవరూ కొనరు. దీనికి మాత్రం కొట్టి చప్పుడు వింటారా? ముందుగా ఆ మొదటి డోలు అడుగున అట్టముక్క పెట్టి, లోపల గుప్పెడు దుమ్ము వేసి, తువ్వాలు తడిపి చుట్టూ పంచె కట్టినట్టు కట్టాను. వాళ్ళ అంగట్లోనే అమ్మే గాలి ఊదే మిషను ఉంది. దాన్ని పైబొక్కలో పెట్టమన్నాను.

"ఇంత దుమ్ముకు ఏమైతాదమ్మా? మేము దినమూ దుమ్ములోనే ఉంటాం" అంటూ అంగడాయన బాగా కనబడాలని ముఖం దగ్గరికి పెట్టి, మిషను నొక్కాడు.

అంటించిన చోట ఊడింది. తువ్వాలు పైన మిగిలిన జానెడు సందులోంచి దుమ్మంతా పోయి సరిగ్గా ఆయన ముఖం మీద పడింది. దినమూ దుమ్ములోనే ఉండే మనిషి బల్ల పట్టుకుని వంగి, కళ్ళల్లో నీళ్ళు కారుతుంటే, ఎంతసేపు దగ్గాడో. మా ఇంటాయన వీపు నిమిరాడు. నేను దగ్గినప్పుడు ఒక్కసారీ అట్లా నిమరలేదు. అందులో తప్పు పట్టేదేమీ లేదు, అది కొత్త దగ్గు కదా.

నీళ్ళు తాగి తేరుకున్నాక అంగడాయన నన్ను "అక్కా" అన్నాడు. తువ్వాలు జాడించి మిగతా రెండూ ఊదాం. కాగితందానికి తువ్వాలు తెల్లగానే ఉంది. గుడ్డదానికి ఒక మూల లేత ఎరుపు, అదీ వెతికితేనే కనబడుతుంది.

"నీ ఆయాసానికి కాగితందే మేలక్కా" అన్నాడు. ఆ మాట నిజం. నాకూ అదే కావాలనిపించింది.

"దీని మీద నీళ్ళు పడితే?" అని అడిగాను.

"దీని మీద నీళ్ళు ఎవరు పోస్తారక్కా? తెలివుండేవాళ్ళు ఎవరన్నా పోస్తారా?"

నేను మా ఇంటాయన వైపు చూశాను. ఆయన పైన తిరుగుతున్న ఫ్యానును చూస్తున్నాడు.

"గుడ్డది కడగొచ్చా?"

"కడగొచ్చు. బాగా ఆరబెట్టాల, తడిమీద వేయకూడదు, అంతే."

మా ఇంటాయన ఫ్యాను నుంచి కళ్ళు దించాడు. "కడగొచ్చంటనా?" అన్నాడు. అంగడికి వచ్చినప్పటి నుంచి ఆయన ముఖం అంతగా వెలగలేదు. వెంటనే సర్దుకుని, "ఏమొద్దులే, కాగితందే తీస్కో. నేను కడగను. మాట ఇస్తాండా" అన్నాడు.

ఆయన మాటలు నాకు కొత్త కాదు. బీడీలు మానేస్తానని కొండ మీద దేవుడి ముందు మూడుసార్లు మాట ఇచ్చాడు. ఒకసారి ఆ మాట ఇవ్వడానికి కొండెక్కుతూ ఆయాసం తీర్చుకోవడానికి బీడీ కాల్చాడు. కాగితం డోలు నాకు పదకొండు నెలలు మంచి గాలి ఇస్తుంది. పన్నెండో నెలలో దసరా వస్తుంది. మిషనుకు తగినది కాగితమే. మా ఇంటికి తగినది గుడ్డ. గుడ్డది కట్టివ్వమన్నాను. ఆ లేత ఎరుపు లోపలికి పోకుండా, రుద్దేటప్పుడు ముక్కుకు గుడ్డ కూడా కట్టుకున్నాను.

నెల తిరిగేసరికి పిల్లి వెళ్ళిపోయింది. పూర్తిగా కాదు, చలికాలంలో ఒకటి రెండుసార్లు తొంగిచూసేది. నాడెలు నా చేతికి తిరిగి వచ్చాయి. కూలికి ఎవరూ రాలేదు.

మరుసటి ఆయుధ పూజకు మా ఇంటాయన తెల్లవారకముందే డోలు విప్పుకుని తొట్టి దగ్గర కూర్చున్నాడు. ఈసారి హక్కుతో కడిగాడు. సబ్బు, శీకాయ, చివర్లో పసుపునీళ్ళు. నేను షెడ్డులోకి పోయి కరెంటు పెట్టె నుంచి దుమ్ము మిషను ఫ్యూజు పీకి కొంగులో ముడివేసుకున్నాను.

పదిన్నరకు మంచి ఘడియ. బావ కూడా వచ్చి నిలబడ్డాడు. స్విచ్చి వేశారు. తిరగలేదు.

"ఫ్యూజు యాడ?" అన్నాడు మా ఇంటాయన.

"నా దగ్గర ఉండాది. డోలు ఆరినాక ఇస్తా. రెండు దినాలు."

"మిషను తిరక్కుండా పూజ ఎట్ల అయితాదే?"

"రంపం తిరిగిందా? బాడిసె తిరిగిందా? వాటికి అయింది కదా, దీనికీ అయితాది."

బావ తలకాయ ఊపుతూ, "ఆడదాని దగ్గర ఫ్యూజుంటే ఇంగ ఇల్లు నడిచినట్టే" అన్నాడు.

"లారీ కూడా ఆపొచ్చు బావా" అన్నాను.

గుమ్మడికాయ మాత్రం కొట్టారు. మునుపటి కంటే పెద్దది.

మూడో దినం పొద్దున మడత మడతకూ వేలు పెట్టి చూశాను. లోపల కూడా తడి లేదు. బిగించి, తువ్వాలు తడిపి చుట్టూ కట్టి, ఫ్యూజు పెట్టి మిషను వేశాను. నాడె ఒకటి రుద్ది, తువ్వాలు విప్పాను. ఎప్పటిలాగే మూల లేత ఎరుపు, అంతకు మించి లేదు.

మా ఇంటాయన నా భుజం మీదుగా తొంగిచూసి, "చూసినావా, నేను చెప్పలా, ఈసారి గుమ్మడికాయ పెద్దది తెచ్చినా" అన్నాడు.

నేను పట్టుపోగు తీసుకుని నాడె మీద లాగాను. నడుమ ఒక చోట పట్టుకుంది. ముక్కుకు గుడ్డ కట్టుకుని మళ్ళీ రుద్దడానికి కూర్చున్నాను.